పోలిష్ "రద్వో", రష్యన్ "రాలో": మధ్యలో ద ఎటు పోయింది?

పాతకాలపు కర్ర నాగలిని పోలిష్‌లో "రద్వో" అంటారు, రష్యన్‌లో "రాలో" అంటారు, రెండూ ఒకటేనా అని ఇక్కడ ఒకరు అడిగారు. ఒకటేనండీ. పోలిష్‌వాళ్లు ఆ మాట చివర రాసేది అడ్డగీత కొట్టిన ల. పూర్వం అది ల లాగానే పలికేది, ఇప్పుడు వ అయింది. అంటే రద్వో ఒకప్పటి "రద్లో". చెక్‌లో నేటికీ రాద్లో అనే అంటారు.

ఇక ద సంగతి. పడమటి స్లావిక్ భాషలైన పోలిష్, చెక్ "ద్ల" జంటను నిలుపుకున్నాయి. రష్యన్, సెర్బియన్ లాంటి వాటిలో ద రాలిపోయింది. ఒక్క నాగలి విషయంలోనే ఇలా జరిగి ఉంటే నేనూ అనుమానించేవాణ్ణి. కానీ సబ్బు చూడండి: పోలిష్‌లో మిద్వో, చెక్‌లో మీద్లో, రష్యన్‌లో మీలో. అదే వరస! ఈ "ద్లో" పనిముట్టును చెప్పే ప్రత్యయం. కడగడానికి వాడేది సబ్బు, దున్నడానికి వాడేది నాగలి.

దున్నడాన్ని పోలిష్‌లో "ఒరాచ్" అంటారు. మరి నాగలి పేరు ర తో ఎందుకు మొదలైందంటే, మూల స్లావిక్ రూపం "ఒర్‌ద్లో". హల్లు ముందున్న ఒర్ తిరగబడి ర అయింది. మనకిది కొత్తేం కాదు, తమిళంలో "ఉరల్" అనేది మన దగ్గర "రోలు" అయింది కదా. నాకు ఈ మాటలో అన్నిటికన్నా నచ్చింది ఈ తిరగబాటే. లాటిన్ అరాట్రుం, గ్రీకు అరొట్రోన్, లిథువేనియన్ అర్క్లస్ అన్నీ నాగలి పేర్లే, ధాతువూ ఇదే. వాటిలో అచ్చు మొదట్లోనే ఉండిపోయింది.

వ్యాఖ్య: అయితే మన "అరక" కూడా ఇందులోంచే వచ్చిందా సార్? వినడానికి అచ్చం అలాగే ఉంది.

జవాబు: వినికిడి ఒక్కటే చాలదండీ. పైన ద్ల విషయంలో సబ్బు సాక్ష్యం పలికినట్టు, ఇక్కడ ఇంకో నాలుగు మాటలు అదే వరసలో దొరకాలి. తెలుగు ద్రావిడ భాష, అవేమో ఇండో యూరోపియన్ భాషలు. పోనీ సంస్కృతం మీదుగా వచ్చిందేమో అనుకుంటే, అక్కడ దున్నడానికి వాడే ధాతువు కృష్. కృషి, కర్షకుడు దాన్నించి వచ్చినవే. పోలిష్‌లో రైతును "రోల్నిక్" అంటారు, దున్నిన నేల "రోలా". ఈ రెండూ మాత్రం ఒరాచ్ కుటుంబంలోవే.