చేప ఊపిరి పీలుస్తుందా?

ప్రశ్న
పిల్లల కోసం జంతువుల శ్వాస గురించి చిన్న వ్యాసం రాస్తున్నాను. "చేప మొప్పలతో ఊపిరి పీలుస్తుంది" అని రాసి ఒక మిత్రుడికి చూపించాను. ఆయన "పీలుస్తుంది" కింద గీత గీసి, "దేన్ని?" అని పక్కన రాశారు. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. తేనెటీగ మకరందం పీలుస్తుంది, దూది తడి పీల్చుకుంటుంది. చేప పీల్చేది ఏమిటి? అసలు ఈ క్రియ ఏ జంతువుకు నప్పుతుంది?

జవాబు 1
ఇంత పట్టింపు ఎందుకండీ? "ఊపిరి పీల్చు" ఎప్పుడో ఒకే మాటగా గట్టిపడింది. పరీక్షలు ముగిశాక పిల్లలు హాయిగా ఊపిరి పీల్చుకున్నారంటే అక్కడ గాలి ప్రసక్తే లేదు. చేపకూ అలాగే వాడుకోండి, కొంప మునగదు.

జవాబు 2
వాడుకకు మునగదు గానీ పాఠానికి మునుగుతుంది. తరగతిలో జీవశాస్త్రం చెప్పేవాడిని కాబట్టి ఈ బాధ నాకు తెలుసు. చేప నోరు తెరిచి మూయడం చూసిన పిల్లలందరూ అది నీళ్లు తాగుతోందనే అనుకుంటారు. కాసేపు కదలకుండా చూడండి: నోరు మూసుకున్న వెంటనే చెంపల దగ్గరి మొప్ప మూతలు లేస్తాయి. నోటితో లాక్కున్న నీరు మొప్పల మీదుగా పారి అటు నుంచి బయటికి పోతుంది. అంటే చేప పీల్చేది నీటిని. ఆక్సిజన్‌ను ఎవరూ లాగరు. అది ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి తనంతట తానే జరుగుతుంది; వ్యాపనం, విసరణ అని రెండు మాటలూ పుస్తకాల్లో ఉన్నాయి. మొప్పల్లో రక్తం నీటికి ఎదురుగా ప్రవహిస్తుంది కాబట్టి నీటిలో కరిగిన ఆక్సిజన్‌లో నూటికి 80 వంతుల దాకా పట్టుకోగల చేపలున్నాయి. మనం లోపలికి తీసే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటే, వదిలే గాలిలో ఇంకా 16 శాతం మిగిలే ఉంటుంది. నీటిలో దొరికేదే తక్కువ, అందుకే చేపకు ఆ పొదుపు.

మనుషులకు "పీల్చు" బాగానే అతుకుతుంది. ఛాతీకి, పొట్టకు మధ్య ఉన్న కండర పొర కిందికి దిగి, పక్కటెముకలు పైకి లేస్తే ఛాతీలో చోటు పెరిగి పీడనం తగ్గుతుంది. బయటి గాలి లోపలికి వస్తుంది. కప్ప దగ్గరే చిక్కు. దాని గొంతు కింది చర్మం అదేపనిగా పైకీ కిందికీ ఆడుతుంటుంది చూడండి. నోరు మూసే ఉంటుంది. ముక్కు రంధ్రాల గుండా గాలిని నోట్లోకి తెచ్చుకుని, ఆ రంధ్రాలు మూసి, నోటి అడుగును పైకెత్తి గాలిని లోపలికి నెడుతుంది. దాన్ని పీల్చడం అనాలా, మింగడం అనాలా? నేను మింగడమే అంటాను.

జవాబు 3
కప్పను తెచ్చారు కాబట్టి "ఊపిరితిత్తి" గురించి ఒక మాట. తిత్తి అంటే తోలు సంచి. కొలిమి దగ్గర గాలి ఊదేది కూడా తిత్తే. మన ఊపిరితిత్తి బోలు సంచి కాదు. దాని నిండా కోట్ల కొద్దీ వాయుగోణులు ఉంటాయి, గోణి అన్నా సంచే. అసలు తిత్తి పని పక్షుల్లో చూడాలి. వాటి ఊపిరితిత్తులు ఉబ్బవు, తగ్గవు. ఊదే పని ఒంట్లో వేరుగా ఉన్న గాలి సంచులది. ఒకసారి లోపలికి వెళ్లిన గాలి బయటపడాలంటే పక్షి రెండుసార్లు ఊపిరి తీసి వదలాలి. పేరు ఒకదానికి పెట్టాం, పని ఇంకొకటి చేస్తోంది!

జవాబు 4
మధ్యలో చిన్న సందేహం. ఉచ్వాసమా, ఉచ్ఛ్వాసమా?

జవాబు 3 రాసినవారు
ఉచ్ఛ్వాసమే. ఉత్, శ్వాస కలిసినప్పుడు త కాస్తా చ అవుతుంది, శ కాస్తా ఛ అవుతుంది. నిః, శ్వాస కలిస్తే నిశ్శ్వాస రావాలి గానీ నిశ్వాస వాడుకలో స్థిరపడింది. సంస్కృతంలో ఉచ్ఛ్వాసానికి ఊపిరి బయటికి విడవడమనే అర్థం కూడా ఉంది. తెలుగు పాఠాల్లో మాత్రం లోపలికి తీసేదే. ఈ జంట నాకు ఎప్పుడూ ముద్దుగా అనిపించదు. ఊర్పు అనే చక్కటి మాట మనకు ఉండేది. నిడు ఊర్పే నిట్టూర్పు. ఊర్పు పోయి నిట్టూర్పు మాత్రం మిగిలింది.

ప్రశ్న అడిగినవారు
అందరికీ ధన్యవాదాలు. వాక్యం ఇలా మార్చాను: "చేప నోటితో నీటిని లాక్కుని మొప్పల మీదుగా పారిస్తుంది, ఆ దారిలో ఆక్సిజన్ రక్తంలోకి చేరుతుంది." మిడతకు మాత్రం ఏ క్రియా దొరకలేదు. ఒంటి పక్కల పది జతల రంధ్రాలు, వాటి నుంచి ఒళ్లంతా పాకిన గొట్టాలు. ఆక్సిజన్ మోసే పని రక్తానికి దాదాపు లేనే లేదు.

జవాబు 2 రాసినవారు
"ఊపిరి ఆడటం" ఉంది కదండీ. గాలి ఆడని గది అంటాం. మిడత పొట్ట కదుపుతుంది, గొట్టాల్లో గాలి ఆడుతుంది. ఎర్రగీత పడదు.

ఇంతకీ మీరు కొట్టేసిన క్రియను పారేయకండి, వానపాముకు కావాలి. ముక్కు లేదు, మొప్ప లేదు, తిత్తి లేదు. చర్మం తడిగా ఉంటేనే గాలిలోని ఆక్సిజన్ అందులో కరిగి లోపలికి పోతుంది, ఆరిపోతే చస్తుంది. మీ దూది తడిని పీల్చుకున్నట్టే అది ఒళ్లంతటితో ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అక్కడ రాయండి "పీల్చుకుంటుంది" అని. మీ మిత్రుడు "దేన్ని?" అంటే చెప్పడానికి జవాబు ఉంది.