సమస్య: దయ్యమునకు మనువు ధర్మమయ్యె (ఆటవెలది)

నిర్వాహకుడు:
ఈసారి సమస్య రాజస్థాన్ నుంచి. విజయ్‌దాన్ దేథా (1926–2013), ఊరివాళ్ళకు బిజ్జి. జోధ్‌పూర్ జిల్లా బోరుందలో చారణ కవుల ఇంట పుట్టి, పల్లె ఆడవాళ్ళు చెప్పే కథలు విని, హిందీ మోజు పక్కనపెట్టి రాజస్థానీలో తిరగరాసినవాడు. ఆ కథలే 14 సంపుటాలయ్యాయి. ‘దువిధా’ కథ గుర్తుంది కదా? కొత్త పెళ్ళికూతురిని చూసి చెట్టు మీది భూతం మనసు పారేసుకుంటుంది. మగడు వ్యాపారానికి పోగానే అతని రూపంలో ఇంటికొస్తుంది. ఆమెకు మాత్రం నిజం చెప్పేస్తుంది. పై మాటలే చివరి పాదంగా, కథలోంచే పద్యం పూరించండి. శ్లేషతో తప్పుకోవద్దు!

నాగావళి:
బేరమునకు మగఁడు వేరూరి కేగంగ
చెట్టు దిగినవాఁడు చిత్తమిచ్చి
యున్న మాట చెప్పి యొప్పుకో మన్నాఁడు
దయ్యమునకు మనువు ధర్మమయ్యె

నిర్వాహకుడు:
నాగావళి గారూ, ధార బాగుంది. ‘మన్నాఁడు’ ఒక్కటే వాడుకలోకి జారింది. ‘యొప్పుకొమ్మనియెను’ అనండి, గణాలు చెడవు. ఇక భావం. ఇది ఇదే కథతో 2005లో తీసిన ‘పహేలీ’ హిందీ సినిమా దారి. అక్కడ భూతం చివరికి మగడి ఒంట్లో చేరి సుఖాంతం చేస్తుంది. బిజ్జి అంత దయ చూపలేదు.

రేగుపండు:
ఎఱ్ఱ పండ్లు కోరె నెడారి దారిలో
మోటు తిండి యనుచు మోము ముడిచె
మగఁడు, చెట్టు మీఁది మనసున్న వాఁడైన
దయ్యమునకు మనువు ధర్మమయ్యె

నిర్వాహకుడు:
రేగుపండు గారూ, ‘నెడారి’ జగణం (లఘువు, గురువు, లఘువు). ఆటవెలదిలో దానికి చోటు లేదు. ‘ఎఱ్ఱ పండ్లు కోరె నింతి యెడారిలో’ అంటే గణమూ యతీ రెండూ కుదురుతాయి. భావానికి మాత్రం దండం. పొదల మీది పండ్లు కావాలన్న పిల్లనూ, అవి మోటువాళ్ళ తిండి అన్న లెక్కల మనిషినీ పక్కపక్కన నిలబెట్టగానే సగం కథ అయిపోయింది. ఎడారి చెట్టూ పొదా బిజ్జికి అలంకారాలు కావు, కథను నడిపే పాత్రలు. ‘మగఁడు’ మూడో పాదంలోకి దూకడం కూడా బాగుంది.

కందగడ్డ:
పల్లె కథలు వినుచు వదలక బోరుంద
మట్టి పలుకు తోడ మలచె బిజ్జి;
ఆలి మనసు తెలియు నాతఁడే పతి యంచు
దయ్యమునకు మనువు ధర్మమయ్యె

నాగావళి:
అన్నా, ‘వదలక’ ఎలా? చదువుకు జోధ్‌పూర్ వెళ్ళాడుగా.

కందగడ్డ:
వెళ్ళాడు, తిరిగొచ్చాడు. 1960లో జానపద పరిశోధకుడు కోమల్ కొఠారీతో కలిసి జానపద కథలూ పాటలూ సేకరించే రూపాయన్ సంస్థాన్ పెట్టిందీ బోరుందలోనే. యతి కోసం ఆ మాత్రం అతిశయోక్తి ఇవ్వమ్మా!

నిర్వాహకుడు:
ఇచ్చేశాం. మూడో పాదం ఈ చర్చకే తలమానికం. కానీ ‘ధర్మమయ్యె’ అని ఎవరు అన్నట్టు? కథలో ఊరు ఒప్పుకోలేదు కదా.

సాయంకాలపు మేక:
నాకూ అదే గుచ్చుకుంది. అసలు మగడు తిరిగొచ్చాక తగవు తీర్చింది గొర్రెల కాపరి. భూతాన్ని నీళ్ళ తిత్తిలోకి దూరమని మాయచేసి మూతి బిగించేశాడు. అందరూ అతని తెలివిని మెచ్చుకున్నారు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

తిత్తి నోరు కట్టి తీర్పిచ్చె గొఱ్ఱెల
కాపరి; సతి నెవఁడు కదిపి యడిగె?
ఆమె గుండె లోన నణఁగియున్నది మాట:
“దయ్యమునకు మనువు ధర్మమయ్యె”

కందగడ్డ:
నా పూరణ వెనక్కి తీసుకోను గానీ, ఇది దాటిపోయింది.

నిర్వాహకుడు:
సమస్యను ఆమె నోట కూడా కాదు, గుండెలో పెట్టారు. ఊరి తీర్పూ చెడలేదు, సమస్యా నిలిచింది. నాకు ఒక్క పేచీ: ‘కదిపి’ కొంచెం యతి కోసం వచ్చినట్టుంది.

సాయంకాలపు మేక:
వచ్చింది. కానీ కదపనిదే ఆమె నోరు విప్పదు కదండీ, ఉండనివ్వండి.