చదరంగం గళ్ల లెక్క: పద్యం ఒప్పా, స్ప్రెడ్‌షీట్ ఒప్పా?

తెనాలి_రమ:
అందరికీ నమస్కారం. చిన్నప్పుడు మా నాన్నగారు నాతో ఒక పద్యం వల్లె వేయించారు. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, ఆపైన గడిగడికీ రెట్టింపు పెడుతూ పోతే 64 గళ్లకూ కలిపి ఎన్నో చెప్పే పద్యం. "శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర" అంటూ సాగుతుంది. బాణాలు 5, చంద్రుడు 1, నవరంధ్రాలు 9, ఇలా ఒక్కో మాటకీ ఒక్కో అంకె. కుడి నుంచి ఎడమకి రాసుకుంటూ పోతే చివర కుంజరానికి 8 (అష్టదిగ్గజాలు కదా), తుహినాంశుడికి (చంద్రుడే) 1 పడి 18446744073709551615 వస్తుంది.

నిన్న షాపు లెక్కలు అయ్యాక స్ప్రెడ్‌షీట్‌లో వేసి చూస్తే 18446744073709600000 అని చూపించింది. మొదటి 14 అంకెలూ సరిపోయాయి, చివరి ఆరూ తేడా. ఒకటి తీసేసినా సంఖ్య కదలలేదు. నాన్నగారు ఇప్పుడు లేరు. ఆయన తప్పు నేర్పారంటే మనసొప్పడం లేదు. ఎలా తేల్చుకోవాలి?

కోడ్_రాసేవాడు:
పద్యమే ఒప్పండి. మీ షీట్ 15 అంకెల వరకే ఉంచుకుని, మిగతా చోట్ల సున్నలు పెడుతుంది.

లెక్కల_మాస్టారు:
రమగారూ, మాట మీద నమ్మకండి, మీరే పరీక్షించండి. 1, 2 కలిపితే 3, తర్వాతి గడి 4. దాన్నీ కలిపితే 7, తర్వాతి గడి 8. ఎక్కడ ఆగినా మొత్తం రాబోయే గడికి ఒకటి తక్కువ. అంటే మీ సంఖ్య 64 రెండ్ల గుణకారంలోంచి ఒకటి తీసేసింది, బేసి సంఖ్యే కావాలి. సున్నతో ఎలా ముగుస్తుంది? పైగా బేసి గడిలో ఉన్నదాంట్లోంచి ఒకటి తీస్తే తప్పకుండా 3తో పోతుంది. 65వ గడీ బేసే. పద్యం అంకెలు కూడితే 87, పోతుంది. షీటుది 70, పోదు.

తొమ్మిదో తరగతి సూత్రం a² − b² = (a + b)(a − b)తోనే దీన్ని ముక్కలు చెయ్యొచ్చు: 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297. ఈ చివరిది ప్రధాన సంఖ్యే అనుకున్నాడు గణితవేత్త ఫెర్మా. 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త దాన్ని 641తో భాగించి చూపించాడు. నాకు ఈ సంఖ్య మొత్తంలో ప్రాణం అక్కడే ఉంది.

తెనాలి_రమ:
మాస్టారూ, రాత్రి కూర్చుని చిట్టా పుస్తకం వెనక పేజీల్లో పెన్నుతో రెట్టింపులు వేశాను. 41వ గడిలో చేతిలో ఉన్న ఒకటి కలపడం మర్చిపోయి, చివర 7776కి బదులు 6776 రాశాను. మీ 3 పరీక్షే పట్టిచ్చింది! 65వ గడికి చేరేసరికి 1,84,46,74,40,73,70,95,51,616. ఒకటి తీసి, పద్యం పైకి చదువుతూ అంకె అంకెకీ టిక్కు పెట్టుకున్నాను. ఇరవై మాటలూ సరిపోయాయి. నిద్ర రాక 4294967297ని 641తో కూడా భాగించాను. 6700417 వచ్చింది, శేషం సున్న.