లడ్డూ వేలం డబ్బు కామారెడ్డికా, కునార్‌కా?

నిజాంపేట కార్యదర్శి:
మా అపార్ట్‌మెంట్‌లో ఈసారి (2025) వినాయకుడి లడ్డూ నాలుగు లక్షల పైచిలుకు పలికింది. ఏటా ఆ డబ్బుతో దగ్గర్లోని సర్కారు బడికి బెంచీలో ఫ్యాన్లో కొనిస్తాం, ఎవరూ మాట్లాడరు. ఈసారి పేచీ వచ్చింది. చవితి రోజున మొదలైన వానకు కామారెడ్డి, మెదక్ జిల్లాలు మునిగాయి. నిమజ్జనం కాకముందే, ఆగస్టు 31 రాత్రి అఫ్గానిస్థాన్‌లోని కునార్ ప్రాంతంలో భూకంపం వచ్చి రెండు వేల మందికి పైగా పోయారు. సగం డబ్బు అక్కడికి పంపాలని కుర్రాళ్లు పట్టుబడుతున్నారు. పెద్దవాళ్లు ససేమిరా అంటున్నారు. ఆదివారం జనరల్ బాడీ మీటింగ్ ఉంది. మీ అభిప్రాయాలు చెప్పండి. దయచేసి పార్టీల గొడవ వద్దు.

కామారెడ్డి బిడ్డ:
ఇందులో చర్చించడానికి ఏముంది సార్? మా జిల్లాలో కొన్నిచోట్ల ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటి కురిసింది. రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. చేలల్లో ఇసుక మేటలు వేసింది. ఈ పంట పోవడం ఒక ఎత్తు, ఆ ఇసుక తీయకపోతే వచ్చే పంట కూడా లేదు. హైదరాబాద్ నుంచి రెండు మూడు గంటల దారి. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని పెద్దలు ఊరికే అనలేదు.

ప్రగతినగర్ పావని:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ సామెత మనకు వర్తించదు. నాలుగు లక్షలకు లడ్డూ పాడుకునే అపార్ట్‌మెంట్‌కు తనకు మాలడం అనే మాటే రాదు.
2021లో కరోనా రెండో విడతప్పుడు మనకు బయటి నుంచి ఆక్సిజన్ సామగ్రి వచ్చింది. కెన్యా అయితే 12 టన్నుల టీపొడి, కాఫీ, పల్లీలు పంపింది. చాలామంది నవ్వారు. వాళ్ల దగ్గర పేదలు లేరా? కునార్‌లో కొండవాలు మీద మట్టి, రాళ్లతో కట్టిన ఇళ్లు అవి. అర్ధరాత్రి నిద్రలో మీద పడ్డాయి. రోడ్ల మీద కొండచరియలు విరిగిపడి సాయం చేరడమే కష్టమైంది. మనకు ప్రభుత్వం ఉంది, ఎన్డీఆర్ఎఫ్ ఉంది, హెలికాప్టర్లు దిగాయి. వాళ్లకు?

రిటైర్డ్ హెడ్మాస్టర్:
మన ప్రభుత్వం మర్నాడే వెయ్యి టెంట్లు, 15 టన్నుల ఆహారం పంపించిందమ్మా. అది మనందరి పన్ను డబ్బే. మన వంతు అయిపోయినట్టే. అపార్ట్‌మెంట్ సంఘాలు విదేశాంగ శాఖ పని చేయక్కరలేదు.

లెక్కల మనిషి:
మనసుల సంగతి తర్వాత, ముందు చట్టం చూడండి. నేను ఆడిటింగ్ రంగంలో ఉన్నాను.
అసోసియేషన్ పేరుతో బయటి దేశానికి పంపే ఆలోచన మానుకోండి. ఇక్కడి నుంచి డబ్బు పంపడానికి మామూలుగా వాడే దారి ఎల్‌ఆర్‌ఎస్. (ప్లాట్ల క్రమబద్ధీకరణ అనుకుని ఉలిక్కిపడకండి, ఇది రిజర్వు బ్యాంకుది.) ఏడాదికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, విరాళం కూడా అందులోకే వస్తుంది. కానీ అది వ్యక్తులకు మాత్రమే. సంఘాలకు, ట్రస్టులకు, కంపెనీలకు వర్తించదు. ఏదైనా ట్రస్టుకు ఇచ్చి వాళ్ల ద్వారా పంపిద్దామంటారా? ట్రస్టుల ఆదాయానికి పన్ను మినహాయింపు మన దేశంలో ఖర్చు పెట్టినదానికే. బయట ఖర్చు పెట్టాలంటే ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి ఉండాలి. అందుకే చిన్న ట్రస్టులు ఆ జోలికి పోవు.
ఎవరైనా సొంతంగా విదేశీ సంస్థకు నేరుగా ఇస్తే 80జీ, అంటే విరాళానికి ఇచ్చే పన్ను మినహాయింపు, రాదు. అదే ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇస్తే, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు నూటికి నూరు శాతం మినహాయింపు. కొత్త విధానంలో ఉంటే ఏదీ లేదు. ఇంకొకటి, రెండు వేలు దాటి నగదుగా ఇస్తే రసీదున్నా పన్నులో పనికిరాదు. లడ్డూ డబ్బులన్నీ నోట్ల కట్టలుగానే వస్తాయి కాబట్టి చెప్తున్నాను.

ప్రగతినగర్ పావని:
అంటే చట్టం ఒప్పుకోదు కాబట్టి దయ కూడా వద్దా?

లెక్కల మనిషి:
దయ వద్దనలేదమ్మా. నీ జీతం నుంచి నువ్వు పంపు, ఎవరూ ఆపరు. నలుగురి డబ్బు అలా పంపలేరు అంటున్నాను.

పాత ఎన్జీవో మనిషి:
ఈ రంగంలో చాలాకాలం పనిచేశాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.
దగ్గరా దూరమా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. మొదటిది: మనం పంపేది అక్కడివాళ్లకు పనికొస్తుందా? 2004 సునామీ తర్వాత నాగపట్నం వైపు లారీలకు లారీలు పాత బట్టలు వెళ్లాయి. మత్స్యకారులు వాటిని ముట్టలేదు, రోడ్ల పక్కన గుట్టలుగా పడి తడిసిపోయాయి. వాటిని ఎత్తి పారేయడం అక్కడి అధికారులకు ఇంకో పనైంది. పంపినవాళ్లు మన దేశం వాళ్లే, దూరమూ ఎక్కువ కాదు. దగ్గరగా ఉన్నంత మాత్రాన సాయం సరిగ్గా చేరుతుందనుకోవద్దు. కామారెడ్డికి కూడా దయచేసి బట్టల మూటలు పంపకండి.
దూరం సాయం పనికిమాలినదనీ కాదు. మన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో కంటి వైద్య కేంద్రం పెట్టడానికి తోడ్పడింది. పాకిస్థాన్ 2019లో పిల్లలకు టైఫాయిడ్ టీకా కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు వేసింది మన జీనోమ్ వ్యాలీలో తయారైన టీకా, ఖర్చు అంతర్జాతీయ నిధిది. ఆ నిధిలో డబ్బు వేసినవాళ్లెవరూ సింధ్ పిల్లల్ని చూసి ఉండరు. ఇవి పనిచేయడానికి కారణం, అక్కడ ఏళ్ల తరబడి ఉండే మనుషులు, మందులు నిల్వ చేసే ఏర్పాటు, లెక్క చెప్పే సంస్థ ఉండడం. భూకంపం వచ్చిన వారంలో వాట్సాప్‌లో తిరిగే క్యూఆర్ కోడ్ వెనుక ఇవేవీ ఉండవు.
ఇంకో మాట. బయటి డబ్బు ఇక్కడికి రావడమూ కష్టమైంది. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం మార్చాక ఆ విరాళం ఢిల్లీలోని ఒకే ఒక స్టేట్ బ్యాంకు శాఖలోకి రావాలి, ఒక సంస్థ ఇంకో సంస్థకు పంచకూడదు. ఇదివరకు పెద్ద సంస్థ తెచ్చి మండల స్థాయిలో పనిచేసే చిన్న సంస్థలకు ఇచ్చేది. ఆ దారి మూసుకుపోయింది. అలాంటి చిన్న సంస్థలకు ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లే దిక్కు. కాబట్టి నా ఓటు కామారెడ్డికే, కానీ హెడ్మాస్టర్ గారు చెప్పిన కారణానికి కాదు.

బాలాపూర్ టీచర్:
అందరూ కునార్ అంటున్నారు. బయటి దేశాల బాధితులకే ఇవ్వాలనుంటే వీసా అక్కర్లేదు, బాలాపూర్ రండి. మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు మా దగ్గర రేకుల గుడిసెల్లో ఏళ్లుగా బతుకుతున్నాయి. చెత్త ఏరుకునేవాళ్లు, అడ్డా మీద కూలికి నిలబడేవాళ్లు. ఇదే బాలాపూర్‌లో ఈ ఏడాది లడ్డూ 35 లక్షలు పలికింది. 1994లో మొదటిసారి 450 రూపాయలట! ఊరి అభివృద్ధికి వాడుకుంటారు, మంచిదే. కానీ ఆ గుడిసెలు ఊరి లెక్కలోకీ రావు, విదేశీ సాయం లెక్కలోకీ రావు.

కామారెడ్డి బిడ్డ:
వాళ్లు అక్రమంగా వచ్చినవాళ్లు టీచర్ గారూ. అసోసియేషన్ మీద కేసు పడితే ఎవరు తిరగాలి స్టేషన్ చుట్టూ?

బాలాపూర్ టీచర్:
మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, నిజమే. ఐక్యరాజ్య సమితి కార్డు ఉన్నా ఇక్కడ చట్టపరంగా పెద్ద బలం లేదు, అదీ నిజమే. అయితే వాళ్ల పిల్లలు బడిలో చేరడానికి సర్కారు బడులను అడగొచ్చని ఢిల్లీ కేసులో సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలోనే చెప్పింది. నేను గుడిసెలు కట్టించమనడం లేదు, పలకలు, పుస్తకాలు అడుగుతున్నాను. బంగ్లాదేశ్ శిబిరాల్లో ఉన్న వాళ్ల బంధువులకు నెలకు 12 డాలర్ల రేషన్ ఉండేది. నిధులు లేవని 2023లో దాన్ని 8 డాలర్లకు తగ్గించారు. ఇక్కడివాళ్లకు ఆ రేషన్ కూడా లేదు.

రిటైర్డ్ హెడ్మాస్టర్:
పలకలకు నాకు అభ్యంతరం లేదు. బడి పేరు మీద ఇవ్వండి, పిల్లల జాతకాలు అడగకండి.

అవనిగడ్డ ఆడపడుచు:
మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా అమ్మమ్మ వాళ్ల వైపు సగం మంది పోయారు. అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది చనిపోయారు. ఆ తర్వాత ఎక్కడెక్కడివాళ్లో వచ్చి ఇళ్లు, తుపాను షెల్టర్లు కట్టారు. మన ఊరికి తెల్లవాళ్లెందుకు అని అమ్మమ్మ అడగలేదు. వాళ్లు పంచిన పాలపొడి కడుపులో పడక పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయని మాత్రం చివరిదాకా తిడుతూనే ఉండేది. పావనీ, నువ్వు పంపు తల్లీ. కాకపోతే పాత ఎన్జీవో గారు చెప్పినట్టు అక్కడ ముందునుంచీ పనిచేస్తున్న సంస్థకే పంపు.

ప్రగతినగర్ పావని:
పంపుతాను అక్కా. మా టీమ్‌లో ఇంకో నలుగురు సరేనన్నారు, ఎవరి ఖాతా నుంచి వాళ్లం.

నిజాంపేట కార్యదర్శి:
మీటింగ్‌లో ఇలా పెడతాను. అసోసియేషన్ డబ్బు కామారెడ్డి జిల్లాలో వానకు దెబ్బతిన్న ఒక బడికి, కొంత బాలాపూర్ బడి పుస్తకాలకు. చెక్కు రూపంలోనే. కునార్‌కు ఎవరి ఇష్టం వాళ్లది. బాలాపూర్ మాట ఎత్తితే గొడవ అవుతుందని తెలుసు, అయినా పెడతాను. కామారెడ్డి అన్నా, ఏ మండలంలో ఏ బడో కాస్త కనుక్కుని చెప్పండి.

కామారెడ్డి బిడ్డ:
రేపు మా బావమరిదిని పంపి ఫోటోలు తెప్పిస్తాను. ప్రహరీ పడిపోయిన బడి ఒకటుందని విన్నాను. అవునూ, లడ్డూ పాడుకున్నాయన డబ్బు కట్టాడా ఇంతకీ?

నిజాంపేట కార్యదర్శి:
సగం కట్టారు. మిగతాది దసరా లోపు అన్నారు.