బడిలో థెరపీ సరే, ఇంట్లో మనమేం చేయాలి?

కొర్లగుంట అమ్మ:
మా బాబుకు నాలుగున్నరేళ్ళు, ఎల్‌కేజీ. నడకే ఏడాదిన్నర దాటాక వచ్చింది, మాట ఇంకా ఆలస్యం. ఇప్పుడిప్పుడే "నీళ్ళు", "అమ్మ దా" దాకా వచ్చాడు. వాళ్ళ బడిలోనే వారానికి రెండు రోజులు స్పీచ్ థెరపీ, ఒక రోజు ఓటీ (చేతిపనులు, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ) ఇస్తున్నారు, ఒక్కోటి అరగంట. జూన్ నుంచి నడుస్తోంది. గదిలో ఏం చేయిస్తున్నారో నాకు తెలియదు, వాడు చెప్పలేడు. అడిగితే "బాగానే చేస్తున్నాడు మేడమ్" అంటారు, అంతే. థెరపీ రోజు సాయంత్రం మాత్రం బూట్లు కూడా విప్పనీయకుండా గంటసేపు ఏడుస్తాడు. మా అత్తగారేమో "వీళ్ళ నాయన కూడా నాలుగేళ్ళకే మాట్లాడినాడు, బిడ్డను ఏడిపించద్దు, మాన్పించు" అంటోంది. మీరంతా ఎట్ల చేస్తున్నారు?

చిత్తూరు నాన్న:
అక్కా, మాన్పించద్దు. ముందు ఒక నోటుబుక్కు పెట్టండి. మా పాపకు ఆరేళ్ళు, మాదీ ఇదే బాధ. బ్యాగులో ఒక నోటుబుక్కు పెట్టి, "ఈ రోజు ఏం చేయించారు, ఇంట్లో మేమేం చేయాలి, రెండు లైన్లు రాయండి చాలు" అని అడిగాము. మొదటి నెలంతా ఖాళీగానే తిరిగొచ్చింది. అయినా మా ఆవిడ వదల్లేదు, రోజూ తనే ముందు రాసి పంపేది. "రాత్రి దగ్గుతో నిద్ర లేదు", "నిన్న ఆవును చూసి అంబా అనింది", ఇట్లాంటివి. అవి చదివినాక వాళ్ళూ రాయడం మొదలుపెట్టారు.

ఒకరోజు "గుండీ పెట్టడం తర్వాత, ముందు తీయడం నేర్పండి" అని రాశారు. అంతవరకూ మేము పొద్దున బడి టైములో, ఆటో బయట హారన్ కొడుతుంటే, యూనిఫాం గుండీలు పెట్టించాలని చూసేవాళ్ళం. ఇద్దరికీ కన్నీళ్ళే. అప్పుడు నా పాత చొక్కా ఒకటి దిండుకు తొడిగి, పెద్ద గుండీలు కుట్టాము. సాయంత్రం పూట ఆటలాగా తీయడం. తర్వాత గుండీని సగం వరకు నేను దూర్చి పెడితే, మిగతా సగం తను లాగడం. అట్ల నెలన్నర పట్టింది. ఇప్పుడు పై గుండీ ఒకటి తప్ప అన్నీ తనే పెట్టుకుంటుంది.

పాకాల అవ్వ:
నేను మనవడిని చూసుకుంటానమ్మా. మా వాడికి వేళ్ళల్లో పట్టు లేదని చెప్పినారు. రోజూ మధ్యాహ్నం వాణ్ణి పక్కన పెట్టుకుని చెనిక్కాయలు వొలిపిస్తా. కాయ చిట్లాలంటే బొటనవేలు, చూపుడువేలు గట్టిగా నొక్కాల్సిందే కదా. మొదట్లో నేను కొంచెం చిట్లించి ఇచ్చేదాన్ని. గింజలు నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడతాయి, అందుకని కదలకుండా పక్కనే ఉంటా. చపాతీ పిండి పిసకడం కూడా మంచిదే.

భవితలో పనిచేస్తాను:
మండల భవిత కేంద్రంలో ప్రత్యేక పిల్లల టీచర్ని. మొదటి పోస్టుకు నాలుగు మాటలు.

ఆ ఏడుపు థెరపీ ఇష్టం లేక అనే అనుకోనవసరం లేదు. రోజంతా ఆ గోలలో, ఆ బెంచీ మీద ఓర్చుకుని కూర్చున్న బిడ్డ ఇంటికొచ్చి అమ్మ దగ్గర వదిలేస్తాడు. ఒక అరగంట ప్రశ్నలు, టీవీ, ఫోను ఏమీ లేకుండా, ఏదైనా తినడానికి పెట్టి వదిలేయండి. రెండు వారాలైనా తగ్గకపోతే బడిలో గట్టిగా అడగండి.

"ఎట్ల చేస్తున్నాడు" అని అడిగితే "బాగా" అనే జవాబే వస్తుంది. "మూడు నెలల్లో ఏం రావాలని పెట్టుకున్నారు" అని అడగండి. నెలకు ఒకసారైనా లోపల కూర్చోనివ్వమనండి. అరగంట పాఠాన్ని మిగతా రోజంతా నడిపేది ఇంట్లోవాళ్ళే, అందుకే మీరు చూడటం అవసరం.

వినికిడి పరీక్ష చేయించారా? పిలిస్తే తిరిగి చూస్తున్నాడు కదా అని చాలామంది వదిలేస్తారు. కొంచెమే వినపడే పిల్లలు కూడా తిరిగి చూస్తారు. మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ఆ పరీక్ష ముందు జరగాలి.

వేలూరు రోడ్డు:
మా ఇంట్లో అరవం, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. "ఒక్క భాషే మాట్లాడండి, ఇంగ్లీషైతే మేలు" అని మా పాత బడిలో చెప్పారు. మా అమ్మకు ఇంగ్లీషు రాదు. ఏడాది పాటు మనవరాలితో మాట్లాడకుండా ఊరకే ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ మనసు పిండినట్టు ఉంటుంది. తర్వాత వేలూరు సీఎంసీలో చూపిస్తే, రెండు భాషలు విన్నంత మాత్రాన మాట ఆలస్యం కాదు, మీకు ఏ భాషలో ధారాళంగా వస్తే అందులోనే మాట్లాడండి అన్నారు.

చిత్తూరు నాన్న:
ఇంకొకటి మరిచిపోయాను. సదరం సర్టిఫికెట్, అదే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చేది, తీసుకోవడానికి మేము రెండేళ్ళు వెనకాడాము, పాప మీద ముద్ర పడుతుందేమో అని. 40 శాతం, ఆపైన ఉంటేనే నెలకు 6,000 పింఛను. నిరామయ బీమాలో ఏడాదికి లక్ష దాకా వస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం లాంటివాటికే అది. మీ బాబుకు వర్తిస్తుందో లేదో డాక్టరును అడగండి.

కొర్లగుంట అమ్మ:
అందరికీ దండాలు. మంగళవారం లోపల కూర్చోనిచ్చారు. థెరపీ మేడమ్ బొరుగుల డబ్బాకు మూత గట్టిగా బిగించి వాడి ముందు పెట్టి ఊరకే కూర్చుంది. వాడు లాగాడు, కొట్టాడు, నా వైపు చూశాడు. నా చేతులు ఆగలేదు, తీయబోతే ఆమె కళ్ళతోనే వద్దంది. చివరికి డబ్బా తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి "తీ" అన్నాడు. ఇంట్లో నేను ఇన్నాళ్ళూ వాడు అడగకముందే అన్నీ తీసిచ్చేస్తున్నాను.

అత్తగారికి చెప్పాను. నిన్న సాయంత్రం ఆమె మూత తీయకుండా, మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఎనిమిది దగ్గర "అవ్వా, తీ" అన్నాడట. వినికిడి పరీక్షకు సోమవారం రమ్మన్నారు. వచ్చాక రాస్తాను.