నెక్సాన్ ఈవీకి టైర్లు మార్చాలి: 16లోనే ఉండాలా, 17కి వెళ్ళాలా? (బెంగళూరు)

వైట్‌ఫీల్డ్_ఈవీ
బండి నెక్సాన్ ఈవీ, సైజు 215/60 ఆర్16. ముందు టైర్లు రెండూ అరుగుదల గుర్తుకు అంటుకున్నాయి. వెనకవి ఇంకో ఏడాది వస్తాయి. రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు, అప్పుడప్పుడు పలమనేరు మీదుగా తిరుపతి. అల్లాయ్ చక్రాలతో సహా 17 అంగుళాలకి వెళ్ళొచ్చా? ‘ఈవీ’ అని రాసున్న టైరే కొనాలా? ముందు రెండే మారిస్తే సరిపోతుందా? వానలు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి.

కోలారు_దారి
అన్నా, 17 వద్దు. 215/60 ఆర్16కి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు 129 మి.మీ. 215/55 ఆర్17కి 118. గుంతలో పడ్డప్పుడు రిమ్మును కాపాడేది ఆ రబ్బరే. మారతహళ్ళి సర్వీసు రోడ్డులో రోజూ తిరుగుతాను, నా 16లకు ఇంతవరకు ఒక్క బుడగ రాలేదు.

గేర్_లేని_బండి
ఎంజీ జెడ్ఎస్ ఈవీ కంపెనీ నుంచే 215/55 ఆర్17తో వస్తుంది, అదీ ఈ రోడ్ల మీదే తిరుగుతోంది. నాది అదే. గాలి సరిగ్గా ఉంటే ఏమీ కాదు. లెక్క చూసుకోండి: 16కి మొత్తం వ్యాసం 664 మి.మీ., 17కి 668. ఒక శాతం కూడా తేడా లేదు, స్పీడోమీటర్ మీద ప్రభావం కనబడదు. జాగ్రత్తపడాల్సింది షాపువాడు స్టాక్ లేదని 215/60 ఆర్17 అంటగట్టినప్పుడు. అది 690. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రాసుకునే ప్రమాదం ఉంది.

రబ్బరు_మనిషి
ఏళ్ళ తరబడి టైర్ల వ్యాపారంలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా. అందరూ సైజు గురించే మాట్లాడుతున్నారు, దాని పక్కనున్న అంకె, అదే లోడ్ ఇండెక్స్, ఒక్కరూ చూడలేదు. 95 అంటే ఒక్కో టైరు మోసేది 690 కిలోలు. 99 ఎక్స్ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అంటే 775. బ్యాటరీ బండి బరువుకు ఎక్స్ఎల్ తప్ప వేరేది నేను వెయ్యను.

గాలి_మీటర్
సార్, ఎక్స్ఎల్ వేసి గాలి 33 పీఎస్ఐ పెట్టి పంపిస్తే ఆ 775 ఎక్కడిది? ఎక్స్ఎల్ తన పూర్తి బరువు మోసేది 42 పీఎస్ఐ దగ్గర, మామూలు టైరు 36 దగ్గర. ఒకే గాలిలో రెండూ మోసేది దాదాపు సమానం. కస్టమర్‌కి ఈ మాట చెబుతున్నారా?

రబ్బరు_మనిషి
42 పెట్టమని నేనెక్కడ అన్నాను? డోర్ పక్కన స్టిక్కర్ మీద ఎంత ఉంటే అంతే పెట్టాలి. ఎక్స్ఎల్ లోపలి కట్టు గట్టిది, గుంత దెబ్బకు తట్టుకుంటుంది. అది విప్పి చూసినవాళ్ళకు తెలుస్తుంది. మీరెన్ని విప్పారు?

గాలి_మీటర్
విప్పక్కర్లేదు, కూడిక వస్తే చాలు. నాలుగు 95లు కలిపి 2760 కిలోలు మోస్తాయి. అయిదుగురు ఎక్కి, సామాను పెట్టినా ఈ బండి రెండు టన్నులు దాటదు. కంపెనీ ఇచ్చిన ఇండెక్స్ కంటే తగ్గకూడదు, అంతే. అంతకుమించి భయపెట్టి అమ్మడం అన్యాయం.

రబ్బరు_మనిషి
భయపెట్టి అమ్ముతున్నానా? మాట జాగ్రత్త. బరువు నాలుగు చక్రాల మీదా సమానంగా పడదు. బ్రేక్ కొడితే అంతా ముందుకొస్తుంది. మీ కూడికలో అది ఉందా?

గాలి_మీటర్
అవన్నీ లెక్కేసే కంపెనీ ఇంజనీర్లు ఆ అంకె పెట్టారు. మనకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు.

చర్చ_నిర్వాహకుడు
ఇద్దరూ వ్యక్తిగత మాటలు ఆపండి. అడిగినవాళ్ళకు టైర్లు కావాలి.

ములబాగిలు_మలుపు
స్టెప్నీ గురించి ఎవరూ అడగరేం? ఇప్పుడు చాలా ఈవీలకు పంక్చర్ కిట్ ఒక్కటే ఇస్తున్నారు. ములబాగిలు దాటాక రాత్రిపూట నా టైరు సైడ్‌వాల్ కోసుకుపోయింది. ఆ ద్రవం సైడ్‌వాల్‌కు పనిచేయదు. పైగా ఈవీని మామూలుగా తాడు కట్టి లాగకూడదు, ఫ్లాట్‌బెడ్ రావాల్సిందే. బండిలో పిల్లలను పెట్టుకుని అక్కడ నిలబడితే తెలుస్తుంది ఆ టెన్షన్. తిరుపతి వెళ్ళేవాళ్ళు ముందు స్టీల్ రిమ్ముతో స్టెప్నీ ఒకటి కొనుక్కోండి, అల్లాయ్‌ల సోకు తర్వాత. బండికి 17లు వేసుకుంటే పాత 16 స్టెప్నీగా పనికొస్తుందని కూడా అనుకోవద్దు. అది దగ్గర్లో షాపు చేరేవరకే.

సత్యవేడు_కుర్రాడు
తిరుపతి అంటున్నారు కాబట్టి చెబుతున్నా, మా సత్యవేడు దగ్గర చిన్నపండూరులోనే అపోలో ఫ్యాక్టరీ ఉంది. మన ఊళ్ళో తయారైన టైరు వేసుకోండి.

జేసీ_రోడ్_కస్టమర్
ఎవరి ఊరిదైనా తేదీ చూసి కొనండి. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. జేసీ రోడ్డులో ఒక షాపులో నాకు ‘ఫ్రెష్ స్టాక్’ అంటూ రెండేళ్ళ పాత టైరు తీశారు. అంకెలు చదివి వినిపించాక లోపలికెళ్ళి వేరేది తెచ్చారు. టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత రేటు కార్డు చూపిస్తే ఒప్పుకోవద్దు.

మహదేవపుర_అక్క
ఆయన అడిగినవాటిలో రెండు అలాగే మిగిలిపోయాయి. ముందు రెండే కొంటే కొత్తవి వెనక్కి, వెనకవి ముందుకు వేయించండి. తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారితే బండి తిరిగిపోతుంది, దాన్ని అదుపు చేయడం మనవల్ల కాదు. ‘ఈవీ’ ముద్ర తప్పనిసరి కాదు. ఆంపీరియన్, ఎనర్జీడ్రైవ్ లాంటివి తక్కువ దొర్లుడు నిరోధం, తక్కువ చప్పుడు చూసుకుని చేసినవి, మంచిదే. కానీ వానలో పట్టు ఎలా ఉందన్నది నాకు రేంజ్ కంటే ముఖ్యం. ఎకోస్పేస్ దగ్గర నీళ్ళు నిలిచినప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే రీజెన్ (మోటారే బ్రేకులా పట్టి బ్యాటరీ నింపడం) పట్టుకుని అరిగిన ముందు టైర్లు జారడం నేను చూశాను. వానలో రీజెన్ తగ్గించి నడపండి. ఇంకొకటి, కొత్త టైర్లు వేయగానే రేంజ్ కొంచెం పడిపోతుంది. నిండు రబ్బరుకు నిరోధం ఎక్కువ, అరిగేకొద్దీ తిరిగొస్తుంది. దానికి షాపువాళ్ళతో గొడవ పెట్టుకోకండి.

రబ్బరు_మనిషి
కొత్తవి వెనక్కి అన్నది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్ అమ్మా. చాలామంది ఒప్పుకోరు, ముందుకే వెయ్యమంటారు.

కోలారు_దారి
ఎనిమిది, పది వేల కిలోమీటర్లకు ఒకసారి ముందువి వెనక్కి మార్పిస్తే ఈ తిప్పలే ఉండవు. మోటారు లాగేదీ ముందు చక్రాలనే, రీజెన్ ఆపేదీ వాటినే.

వైట్‌ఫీల్డ్_ఈవీ
అందరికీ థాంక్స్. 16లోనే ఉంటున్నాను. రెండు కొని వెనక వేయిస్తా, అల్లాయ్ డబ్బుతో స్టెప్నీ. ఇండెక్స్ 95కి తగ్గకుండా ఏది దొరికితే అది.

రబ్బరు_మనిషి
ఎక్స్ఎల్ దొరికితే వదలొద్దు.

గాలి_మీటర్
మళ్ళీ మొదలు!

హోసూరు_రోడ్డు
టియాగో ఈవీకి 175/65 ఆర్14 బదులు 185 వేస్తే రేంజ్ ఎంత పోతుందో వేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? రోజూ ఎలక్ట్రానిక్ సిటీ వరకే తిరుగుతాను.