బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత ఇంట్లో, పంక్తిలో, స్టాఫ్ రూములో భోజనం ఎలా సాగుతుంది?

గోదావరి_టీచర్ (రాజమహేంద్రవరం) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా వయసు 41 సంవత్సరాలు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు కావడంతో ఎత్తుకు తగ్గ బరువును లెక్కగట్టే బీఎమ్‌ఐ 47 దాటింది. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. నిద్రలో ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేస్తున్నందువల్ల పరీక్ష చేసి, స్లీప్ ఆప్నియా తీవ్రంగా ఉందని చెప్పి, నిద్రలో మాస్కు ద్వారా గాలిని అందించే సీప్యాప్ యంత్రం రాశారు. నల్లబల్ల మీద కింది సగం వాడడం మానేసి రెండేళ్లు అయింది, ఎందుకంటే వంగి రాస్తే మోకాళ్లు నన్ను మళ్లీ లేవనివ్వడం లేదు. ఆహార నియమాలు, నడక, మందులు అన్నీ చిత్తశుద్ధితో పాటించాను. ప్రతిసారీ పది పన్నెండు కిలోలు తగ్గి, ఏడాది తిరిగేలోగా అంతకంటే ఎక్కువే పెరిగాను.

వైద్యులు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ సూచించారు. పొట్టలో సుమారు 75 నుంచి 80 శాతం తొలగించి, అరటికాయ ఆకారంలో సన్నని గొట్టంలా మిగులుస్తారని బొమ్మ గీసి ఓపికగా వివరించారు. ఆపరేషన్ గురించి నాకు పెద్దగా భయం లేదు. నా భయమంతా ఇంటికి వచ్చిన తర్వాతి రోజుల గురించే. మా అత్తగారికి 72 ఏళ్లు. కంచం ముందు కూర్చున్న మనిషికి రెండోసారి వడ్డించకుండా లేవనివ్వడం ఆవిడకు చేతకాదు. స్కూల్లో మేము ఆరుగురం డబ్బాలు విప్పి ఒకరి కూర ఒకరం పంచుకుని తింటాము. నాలుగు చెంచాలు తిని చేయి కడుక్కునే మనిషిగా నేను వీళ్ల మధ్య ఎలా మసలుకోవాలి? ఆపరేషన్ సంగతి ప్రస్తుతం మా వారికి తప్ప ఎవరికీ తెలియదు. చెప్పడం మంచిదా, చెప్పకపోవడం మంచిదా? ఈ దారిలో నడిచినవారు మీ రోజువారీ జీవితం ఎలా మారిందో దయచేసి రాయండి.

మియాపూర్_గృహిణి సమాధానం:

టీచర్ గారూ, నాకు స్లీవ్ ఆపరేషన్ జరిగి నాలుగేళ్లు నిండాయి. మీరు అడిగిన ప్రశ్ననే అప్పట్లో నేను డైటీషియన్ గారిని అడిగితే ఆవిడ ఆహార పట్టిక చేతిలో పెట్టారు. పట్టిక చాలా మంచిదే కానీ, అందులో మేనత్తలు, పిన్నులు ఉండరు కదండీ.

ముందుగా, ఆపరేషన్‌కు ముందు రెండు వారాల సంగతి చెబుతాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే కష్టమైన రోజులు అవే. అన్నం, రొట్టె, చక్కెర దాదాపు మాన్పించి, ఎక్కువగా ద్రవాహారం మీద ఉంచుతారు. కాలేయంలో నిల్వ ఉన్న కొవ్వు, గ్లైకోజెన్ అనే నిల్వ చక్కెర తగ్గి అది కొంత కుదించుకుపోతే, దాని కిందుగా ఉండే పొట్టను వైద్యులు చిన్న రంధ్రాల గుండా పంపే లాపరోస్కోపీ పరికరాలతో సురక్షితంగా అందుకోగలుగుతారు. ఆ పద్నాలుగు రోజులూ పొట్ట పాతదే, ఆకలీ పాతదే. వంటింట్లో పోపు వేసిన ప్రతిసారీ నేను డాబా మీదికి వెళ్లిపోయేదాన్ని. ఆపరేషన్ తర్వాత ఆకలి చాలావరకు నెమ్మదిస్తుంది, ఎందుకంటే ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగాన్ని కూడా తీసివేస్తారు. ఆ ముందటి రెండు వారాలు గట్టెక్కితే సగం దాటినట్టే అని నా నమ్మకం. మూడు బంతుల పరికరంతో ఊపిరి పీల్చే వ్యాయామం ఇప్పటి నుంచే చేయండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మీ సీప్యాప్ యంత్రాన్ని వెంట తీసుకువెళ్లండి.

తర్వాతి మొదటి రోజుల్లో నేను మందు సీసా మూతతో, అంటే సుమారు 30 మిల్లీలీటర్ల చొప్పున, నీళ్లు చప్పరించాను. ఒక గ్లాసు పూర్తి కావడానికి గంట పట్టేది. తర్వాత పల్చటి మజ్జిగ, వడకట్టిన చారు, పప్పు కట్టు, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. ఆ తర్వాత మెత్తగా మెదిపిన పెసరపప్పు, గుడ్డు. సుమారు రెండు నెలలకు గట్టి పదార్థాల దాకా వచ్చాను. మన ఇళ్లలో నీరసం అనగానే రాగి జావ కాచి ఇస్తారు. ప్రేమతో ఇచ్చేదే అయినా, ఆ చిన్న పొట్టను జావతో నింపితే ప్రొటీన్‌కు చోటు మిగలదు. నాకు రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ తీసుకోమని చెప్పారు. ఒక కోడిగుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే కనుక, మొదటి నెలల్లో ప్రొటీన్ పొడి లేకుండా ఆ లెక్క కుదరదు.

ఇప్పుడు భోజనం. నాది ఒక చిన్న స్టీలు గిన్నె, ఒక టీ చెంచా. మొదట పప్పు లేదా గుడ్డు, తర్వాత కూర, చివర చోటుంటే రెండు చెంచాల అన్నం. కంచం పక్కన మంచినీళ్ల గ్లాసు పెట్టుకునే అలవాటు మాన్పించుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు, తిన్న అరగంట దాకా ఆగాలి. పొట్ట నిండిన సంగతి ఇదివరకటిలా తెలియదు. నాకైతే ముందు ముక్కు కారుతుంది, ఆ తర్వాత ఎక్కిళ్లు వస్తాయి. ఆ గుర్తును లెక్కచేయకుండా ఇంకొక్క ముద్ద పెట్టుకుంటే ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టు పట్టేసి, నోట్లో నీళ్లూరి, వాంతి అయ్యేదాకా నెమ్మదించదు.

మూడో నెలలో విజయవాడలో మా చిన్నాన్న గారి అమ్మాయి పెళ్లికి వెళ్లాను. అరిటాకు ముందు కూర్చోగానే పూర్ణం బూరె పడింది, దాని మీద నెయ్యి పడింది, పులిహోర పడింది. వద్దన్నకొద్దీ మా పిన్ని మొహం చిన్నబోవడం కనిపిస్తూనే ఉంది. అప్పుడు, "పిన్నీ, ఒక్క చెంచాడు పెరుగన్నం నీ చేత్తో మెత్తగా కలిపి పెట్టు, అది తింటాను" అన్నాను. ఆవిడ వడ్డన వదిలేసి నా పక్కన కూర్చుని, మెతుకు మెతుకూ నలిపి కలిపి పెట్టింది. ఆ తర్వాత ఆ పంక్తిలో నా ఆకు మీద ఇంకెవ్వరినీ ఏమీ వేయనివ్వలేదు. మీ అత్తగారి విషయంలో కూడా నేను చెప్పేది ఇదే. పెట్టే చేతిని ఆపవద్దు, ఏం పెట్టాలో చెప్పండి. పప్పు కట్టు వడకట్టే పని, గుడ్డు మెదిపే పని ఆవిడకే అప్పగించండి.

చెప్పాలా వద్దా అన్నారు. నేను దాచాను, అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అని చుట్టాలకు చెప్పాము. బరువు వేగంగా తగ్గుతూ, నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలడం మొదలయ్యేసరికి, నాకు క్యాన్సర్ వచ్చిందని, దాస్తున్నామని మా వైపు ఊరంతా పాకింది. మా అమ్మ అక్కడి నుంచి ఏడుస్తూ బస్సెక్కి వచ్చింది. ఆ జుట్టు రాలడం ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి జరిగేదే, కొన్ని నెలలకు నాకు తిరిగి వచ్చింది కూడా. ముందే చెప్పి ఉంటే మా అమ్మకు ఆ ప్రయాణం తప్పేది.

విశాఖ_బైపాస్_7 సమాధానం:

అమ్మా, నేను ఏడేళ్ల కిందట గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే పొట్టను చిన్న సంచిలా చేసి చిన్నపేగు కింది భాగానికి కలిపే ఆపరేషన్, చేయించుకున్నాను. 132 కిలోల నుంచి ఏడాదిన్నరలో 84 కిలోలకు దిగి, ప్రస్తుతం 93 దగ్గర ఉన్నాను. పై సోదరి మొదటి సంవత్సరం గురించి ఎంతో చక్కగా రాశారు కాబట్టి నేను మూడో సంవత్సరం గురించి రాస్తాను. అప్పటికి అభినందించేవాళ్లు తగ్గిపోతారు, డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గిపోతుంది, మనకు మనం పూర్తిగా బాగైపోయామని అనిపిస్తుంది.

నాకు అలా అనిపించి, రోజూ వేసుకోవలసిన విటమిన్, ఇనుము బిళ్లలు మానేశాను. ఏడాది గడిచేసరికి అరికాళ్లు తిమ్మిర్లెక్కడం, రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం రావడం మొదలయ్యాయి. పరీక్షలో హిమోగ్లోబిన్ 8 ఉంది, బీ12 అట్టడుగున ఉంది. బైపాస్‌లో ఆహారం చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా వెళుతుంది, ఇనుము ఎక్కువగా పీల్చుకునేది అక్కడే. బీ12 ఒంటికి పట్టాలంటే పొట్టలో ఊరే ఆమ్లం, మరికొన్ని స్రావాలు కావాలి, అవీ తగ్గిపోతాయి. మీది స్లీవ్ అయినా పొట్టలో అధిక భాగం పోతుంది గనుక ఈ బిళ్లలు, ఏటేటా రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు. కాల్షియం బిళ్లకూ ఇనుము బిళ్లకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. నేను ఇనుము ఉదయం, కాల్షియం మధ్యాహ్నం, రాత్రి వేసుకుంటున్నాను.

మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి మరొక మాట. మందుల దుకాణంలో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి నొప్పి బిళ్లలు ఆపరేషన్ తర్వాత పుండ్లు పుట్టిస్తాయి, ముఖ్యంగా బైపాస్ అయినవారికి. మీ సర్జన్‌ను అడగకుండా ఏ నొప్పి బిళ్లా వేసుకోవద్దు. షుగర్ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బరువు తగ్గకముందే, ముందటి ద్రవాహారం రోజుల నుంచే చక్కెర పడిపోవచ్చు. పాత మోతాదులోనే ఇన్సులిన్ గాని, షుగర్ బిళ్లలు గాని కొనసాగిస్తే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడు ఎంత తగ్గించాలో వైద్యుల చేత కాగితం మీద రాయించుకోండి.

తోటివారి తోడు గురించి చెప్పాలి. మా ఆసుపత్రిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ఆపరేషన్ అయినవాళ్లం, చేయించుకోబోయేవాళ్లం కలిసి కూర్చునేవాళ్లం. బరువు తిరిగి పెరగడం మొదలైన రోజు నుంచి నేను వెళ్లడం మానేశాను. తగ్గినప్పుడు అందరి ముందూ నిలబడి మాట్లాడిన మనిషిని, పెరిగి ఏ మొహం పెట్టుకుని వెళ్లను అనుకున్నాను. ఆసుపత్రి వాళ్లు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఎనిమిది నెలల తర్వాత, నాతో పాటే ఆపరేషన్ అయిన ఒక పెద్దమనిషి వెతుక్కుంటూ ఇంటికి వచ్చి, చెప్పుల స్టాండు దగ్గరే నిలబడి, "నాకూ ఆరు కిలోలు పెరిగింది, ఇద్దరం కలిసి వెళదాం పదండి" అన్నారు. ఆ మాటతోనే నేను మళ్లీ వెళ్లాను. అక్కడి నుంచి రక్తపరీక్షలకూ వెళ్లాను. ఇప్పుడు రెండు నెలలు రానివాళ్లకు ఫోన్ చేసే బాధ్యత నేను తీసుకున్నాను. ఆపరేషన్ కానివాళ్లు కూడా మా సమావేశానికి రావచ్చు. దూరంగా ఉన్నవాళ్ల కోసం జూమ్‌లో కూడా కలుపుతున్నాము.

బీమా ఉంటే ఒక సంగతి గమనించండి. బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ప్రామాణికం చేసిన నిబంధనల ప్రకారం బీఎమ్‌ఐ 40, లేదా తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్ 2 షుగర్ వంటి జబ్బులతో 35 ఉన్నవారికి, ఇతర మార్గాలు ఫలించనప్పుడు, వైద్యుల సలహా మేరకు చేసే ఈ ఆపరేషన్‌ను స్థూలకాయ చికిత్స అనే కారణంతో తోసిపుచ్చకూడదు. అయితే పాలసీలో వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్‌కు ముందు ఆగవలసిన కాలం, ఎంతో చూసుకుని, ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. మీరు ఇన్నిసార్లు బరువు తగ్గి పెరిగిన చీటీలన్నీ అప్పుడు పనికివస్తాయి.

గుంటూరు_భర్త సమాధానం:

టీచర్ గారూ, ఆపరేషన్ నా భార్యకు జరిగింది, పద్నాలుగు నెలలు అయింది. ఇది మీ వారికి చూపించండి.

మొదటి నెలలో ఆమె ముందు తినడం నాకు తప్పుగా తోచి, ఇంట్లో గోంగూర, ఆవకాయ మాన్పించి, నేను బయట హోటల్లో తిని వచ్చేవాణ్ణి. మూడో వారంలో ఒక రాత్రి ఆమె ఏడుస్తూ, "వాసన నన్ను బాధపెట్టడం లేదు, ఒంటరిగా గిన్నె ముందు కూర్చోవడం బాధపెడుతోంది" అని చెప్పింది. అప్పటి నుంచి ఆమె పది నిమిషాలు ముందు మొదలుపెడుతుంది, నేను వచ్చి కూర్చుంటాను, ఇద్దరం ఒకేసారి లేస్తాము. నాకూ నమిలి తినడం అలవాటైంది.

ఇంటికి వచ్చిన తర్వాత జ్వరం, గుండె వేగంగా కొట్టుకోవడం, కడుపులో గాని ఎడమ భుజంలో గాని విపరీతమైన నొప్పి, ఆయాసం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కుట్టిన చోట లీకేజీ ఉంటే ఇలాగే బయటపడుతుందని మాకు చెప్పారు. ఆగని వాంతులను కూడా మామూలే అనుకోవద్దు. బీ1 విటమిన్ తరిగిపోయి నరాలు దెబ్బతినవచ్చు. ఆసుపత్రి ఫోన్ నంబరు మా ఫ్రిజ్ తలుపు మీద ఇప్పటికీ అంటించి ఉంది.

గోదావరి_టీచర్:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీ మాటలు చదివిన రాత్రే మా అత్తగారికి చెప్పాను. చాలాసేపు మౌనంగా కూర్చుని, "కోస్తే నొప్పి ఎన్నాళ్లు ఉంటుంది?" అని ఒక్కటే అడిగారు. మరునాడు ఉదయం చూస్తే, కందిపప్పు ఉడకబెట్టి, పలచటి బట్టలో వడకట్టి, ఆ తేట నాకు గ్లాసులో పోసి ఇచ్చి, ఇంత పల్చన సరిపోతుందా అని అడిగారు. ఉప్పు కాస్త తక్కువైందని చెబితే, రేపు సరిచేస్తానన్నారు. స్టాఫ్ రూములో ఇంకా చెప్పలేదు, ద్రవాహారం మొదలయ్యే సోమవారం నాడు డబ్బాలు విప్పేటప్పుడు చెబుతాను.

విశాఖ సోదరులు గారూ, మీ సమావేశంలో జూమ్ ద్వారా కలవాలని ఉంది. వచ్చే నెల మొదటి ఆదివారం నాటికి నాకు ద్రవాహారంలో ఏడో రోజు అవుతుంది. వేళ ఎప్పుడో తెలియజేయగలరు.